యెరూషలేము యాత్రలో బస్సు కిటికీలోంచి సెటిల్‌మెంట్లు చూడటం ఎలా?

నేను గుంటూరు నుంచి హోలీ ల్యాండ్ గ్రూపులు తీసుకెళ్తుంటాను. పాస్‌పోర్టులు జాగ్రత్త చేయడం, బీపీ మాత్రలు హోటల్లో మర్చిపోయిన పెద్దవాళ్ల కోసం వెనక్కి పరిగెత్తడం, మధ్యాహ్నం అన్నం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడం నా పని. రాజకీయాలు మాట్లాడటం కాదు. అయినా ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒక సిస్టర్ అడుగుతుంది: "అన్నా, ఆ కొండ మీద అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయే, ఆ ఇళ్లు ఎవరివి?" లోకల్ గైడ్ యూదుడైతే "జెరూసలేం శివారు కాలనీ" అంటాడు. పాలస్తీనా క్రైస్తవుడైతే "సెటిల్‌మెంట్" అని ఊరుకుంటాడు. రెండూ విన్నాక మనవాళ్లకి అయోమయం ఇంకా పెరుగుతుంది.

ఇజ్రాయెల్, పాలస్తీనా మధ్య శాంతి వస్తుందా రాదా అని టీవీ చర్చలు వింటే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. ఆ గొడవలో పెద్ద భాగం మాత్రం మన యాత్ర దారిలోనే రోడ్లుగా, కొండలుగా, గోడలుగా కళ్లముందు ఉంటుంది. చూడటం తెలిస్తే సగం అర్థమవుతుంది. నా గ్రూపువాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పేవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. వెళ్లే ముందు విదేశాంగ శాఖ ప్రయాణ సూచనలు తప్పకుండా చూసుకోండి. 2023 అక్టోబర్ తర్వాత అక్కడి పరిస్థితి ఏ వారానికి ఆ వారం మారుతోంది.

ముందు ఇంట్లో కూర్చుని మ్యాప్ చూడండి

ఫోన్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి జెరూసలేం మీద జూమ్ చేయండి. తెగుతూ సాగే గీత ఒకటి కనిపిస్తుంది. అదే గ్రీన్ లైన్. 1949లో ఇజ్రాయెల్, జోర్డాన్ కాల్పులు ఆపినప్పుడు గీసుకున్న గీత. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ దాన్ని దాటి తూర్పు జెరూసలేంనీ, యొర్దాను నదికి పడమటి ఒడ్డున ఉన్న వెస్ట్ బ్యాంక్‌నీ స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత గీత అవతల తన పౌరుల కోసం కట్టిన ఊళ్లు, కాలనీలే సెటిల్‌మెంట్లు.

ఇప్పుడు మీ టూర్ ప్రోగ్రాం కాగితం తీసి ఆ గీతకి ఏది ఎటువైపు ఉందో పెన్నుతో గుర్తుపెట్టుకోండి. నజరేతు, కపెర్నహూము, గలిలయ సముద్రం, అక్కడ బాప్తిస్మం ఇచ్చే యార్డెనిట్ ఇవన్నీ ఇజ్రాయెల్ లోపల. బేత్లెహేము, యెరికో, బేతనియ, మృత సముద్రపు పాత లేఖనాల చుట్టలు దొరికిన కుమ్రాన్ వెస్ట్ బ్యాంక్‌లో. యెరికో దగ్గర యొర్దాను ఒడ్డున ఉన్న ఖస్ర్ అల్ యహూద్ కూడా వెస్ట్ బ్యాంకే. కానీ ఆ చోటుని నడిపేది ఇజ్రాయెల్ పార్కుల శాఖ. పాత నగరం, ఒలీవల కొండ తూర్పు జెరూసలేంలో ఉన్నాయి. ఇజ్రాయెల్ దాన్ని తనలో కలుపుకుంది. ప్రపంచంలో చాలా దేశాలు ఒప్పుకోలేదు.

ఇంకో మూడు అక్షరాలు గుర్తుపెట్టుకోవాలి. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య 1995లో కుదిరిన రెండో ఓస్లో ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ని ఎ, బి, సి అని మూడు రకాలుగా విడగొట్టింది. ఎ అంటే పాలస్తీనా అథారిటీ (పాలస్తీనావాళ్ల స్వపరిపాలన ప్రభుత్వం) పాలనే, పోలీసూ దానిదే: బేత్లెహేము, యెరికో, రామల్లా లాంటి పట్టణాలు. బి అంటే పాలన పాలస్తీనాది, భద్రత ఇజ్రాయెల్‌ది. సి అంటే అన్నీ ఇజ్రాయెల్ సైన్యం చేతిలో. వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు 60 శాతం సి కిందే ఉంది. వెస్ట్ బ్యాంక్ సెటిల్‌మెంట్లు దాదాపు అన్నీ అందులోనే. పాలస్తీనావాళ్లు అక్కడ సొంత పొలంలో గది వేసుకోవాలన్నా ఇజ్రాయెల్ సైన్యం కింద పనిచేసే సివిల్ అడ్మినిస్ట్రేషన్ అనే శాఖ పర్మిట్ ఇవ్వాలి, అది దొరకడం చాలా అరుదు. అయిదేళ్లలో తుది ఒప్పందం వస్తుందనుకుని చేసిన తాత్కాలిక ఏర్పాటు ఇది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

బస్సెక్కాక దేన్ని చూడాలి

మొదట నీళ్ల ట్యాంకులు. పాలస్తీనా ఊళ్లలో ప్రతి డాబా మీదా నల్ల ట్యాంకులు వరసగా కనిపిస్తాయి. అక్కడ కుళాయి రోజూ రాదు, వచ్చినప్పుడే నింపుకోవాలి. మన ఊళ్లలో పెరిగినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. సెటిల్‌మెంట్ ఇళ్ల మీద ఆ నల్ల ట్యాంకులు ఉండవు. ఎర్ర పెంకుల కప్పులు, వరసలు తప్పని వీధులు, కొండ నెత్తిన ఊరు, చుట్టూ కంచె, గేటు. ఎర్ర పెంకులు ఒక్కటే చూసి తేల్చేయకండి. బాగా డబ్బున్న పాలస్తీనావాళ్లూ వేయించుకుంటారు. ట్యాంకు, కంచె, రోడ్డు మూడూ కలిపి చూడాలి.

తర్వాత నంబరు ప్లేట్లు. పసుపు ప్లేటు ఇజ్రాయెల్ బండి. తెల్ల ప్లేటు మీద ఆకుపచ్చ అంకెలుంటే పాలస్తీనా బండి. ఏ రోడ్డు మీద ఏ రంగు ఎక్కువ కనిపిస్తోందో గమనిస్తే ఆ రోడ్డు ఎవరికోసం వేశారో తెలిసిపోతుంది. తూర్పు జెరూసలేంలో ఉండే పాలస్తీనావాళ్లకీ పసుపు ప్లేట్లే ఉంటాయి, కాబట్టి బండి రంగు చూసి లోపలి మనిషి ఎవరో చెప్పలేం.

పట్టణం మొదట్లో పెద్ద ఎర్ర బోర్డు ఉంటుంది, మూడు భాషల్లో. ఇది ఎ ప్రాంతం, ఇజ్రాయెల్ పౌరులు రాకూడదు, ప్రాణాలకి ప్రమాదం, చట్టవిరుద్ధం అని. యెరికోకి వెళ్లేటప్పుడు అందరూ దాన్ని ఫోటో తీస్తారు. బోర్డుని తీసుకోండి, పర్వాలేదు. చెక్‌పోస్టు దగ్గర సైనికులవైపు మాత్రం ఫోన్ ఎత్తకండి. బస్సు మొత్తాన్ని ఆపేస్తే ఆ రోజు ప్రోగ్రాం పోయినట్టే.

ఒలీవల కొండ మీద ఒకసారి వెనక్కి తిరగండి

బస్సు దిగగానే మనవాళ్లందరూ పడమటి వైపు నిలబడతారు. బంగారు గుమ్మటం, పాత నగరం గోడ, ఆ గోడకి ఉన్న మూసిన ద్వారం. ఫోటోలు అయ్యాక తూర్పు కనిపించే చోటికి నడవండి. యూదయ అరణ్యం మొదలయ్యేది అటే. దగ్గర్లో బూడిదరంగు కాంక్రీటు గోడ, దూరంగా కొండల మీద తెల్లగా ఒక పట్టణం కనిపిస్తాయి. పట్టణం పేరు మాలే అదుమీమ్, జెరూసలేంకి సుమారు 7 కిలోమీటర్లు. 1975లో చిన్న కాలనీగా మొదలై ఇప్పుడు 35 వేలకి పైగా జనం ఉన్న ఊరైంది.

ఆ గోడ అవతలే బేతనియ, మరియ, మార్తల ఊరు, లాజరు సమాధి ఉన్న చోటు. అక్కడివాళ్లు అల్ అజారియా అంటారు. కొండ దిగితే అదే ఊరు, ప్రభువు నడిచి వెళ్లివచ్చిన దూరం. ఇప్పుడు బస్సు చుట్టూ తిరిగి మాలే అదుమీమ్ వైపు నుంచి వెళ్లాలి. "అన్నా, కిందే కదా, ఇంతసేపు పట్టిందేంటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. గోడ ఎందుకు కట్టారని గైడ్‌ని అడగండి. 2000 నుంచి నాలుగైదేళ్లపాటు బస్సుల్లో, కేఫ్‌ల్లో ఆత్మాహుతి పేలుళ్లు జరిగి వందలమంది ఇజ్రాయెలీలు చనిపోయారు. 2002లో గోడ మొదలుపెట్టారు. ఆ భయం నిజం. గోడ గ్రీన్ లైన్ మీద కాకుండా చాలాచోట్ల లోపలికి జరిగి సెటిల్‌మెంట్లని తనవైపు కలుపుకుంటూ వంకర్లు తిరిగిందన్నదీ నిజం. 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం తప్పుపట్టింది ఆ దారినే. ఈ రెండు మాటల్లో ఒకటి చెప్పి రెండోది వదిలేసే గైడ్‌కి నేను మైకు ఎక్కువసేపు ఇవ్వను.

యెరికో దారిలో ఎడమవైపు సీటు తీసుకోండి

టూర్ మొత్తంలో నిద్రపోకూడని పావుగంట ఇదే. ఎప్పుడూ పొద్దున టిఫిన్ తర్వాత ప్రయాణం కాబట్టి సరిగ్గా ఇక్కడే బస్సంతా గురకలు మొదలవుతాయి.

జెరూసలేం సొరంగం దాటి తూర్పుకి దిగుతుంటే కుడివైపు మాలే అదుమీమ్ వస్తుంది. ఎడమవైపు ఖాళీ కొండలు. ఒక కొండ మీద పెద్ద పోలీసు కార్యాలయం తప్ప చెప్పుకోదగ్గ కట్టడం లేదు. ఈ ఖాళీ పేరే ఇ1. సుమారు 12 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ ఇళ్లు కట్టాలన్న ప్లాన్ 1990ల నుంచి ఉంది. అమెరికా, యూరప్ దేశాలు గట్టిగా అడ్డుపడటంతో ప్రతి ప్రభుత్వమూ వాయిదా వేసింది. 2025 ఆగస్టులో దాదాపు 3,400 ఇళ్లకి అనుమతి వచ్చేసింది. దీంతో పాలస్తీనా రాజ్యం ఆలోచనే సమాధి అవుతుందని ఆర్థిక మంత్రి స్మోట్రిచ్ బాహాటంగా చెప్పాడు. మరుసటి నెల ప్రధాని నెతన్యాహు మాలే అదుమీమ్‌కే వచ్చి పాలస్తీనా రాజ్యం ఉండదు అన్నాడు.

వెస్ట్ బ్యాంక్‌లో మొత్తం సెటిలర్లు 5 లక్షలు దాటారు, తూర్పు జెరూసలేంలో ఇంకో 2 లక్షలకి పైనే. అందులో 3,400 ఇళ్లు ఏపాటి? లెక్కలో చిన్నవే, వాటి చోటే అసలు గొడవ. ఉత్తరాన రామల్లా, దక్షిణాన బేత్లెహేము, మధ్యలో తూర్పు జెరూసలేం. ఈ మూడూ కలిసి ఒక రాజధాని ప్రాంతంగా బతకాలంటే మిగిలిన గొంతులాంటి చోటు ఇది. ఇక్కడ జెరూసలేం నుంచి మాలే అదుమీమ్ దాకా ఇళ్లు కలిసిపోతే ఉత్తరం ఒక ముక్క, దక్షిణం ఒక ముక్క. ఇప్పటికే పర్మిట్ లేని పాలస్తీనా డ్రైవర్ జెరూసలేంలోంచి వెళ్లలేడు. రామల్లా నుంచి బేత్లెహేముకి వాది అన్నార్ అనే నిలువు ఘాట్ రోడ్డెక్కి పోవాలి. అది మన కిద్రోను లోయ కింది భాగమే. పాలస్తీనా బండ్లకి వేరే రోడ్డు, సొరంగం వేస్తామని 2025 మార్చిలో ఇజ్రాయెల్ నిర్ణయించింది. ప్రభుత్వం దాన్ని ట్రాఫిక్ సౌకర్యం అంటోంది. నాకైతే మన బస్సు వెళ్లే ఈ మెయిన్ రోడ్డు మీద తెల్ల ప్లేట్లు కనిపించకుండా చేసే పనిలా ఉంది.

ఇంకొంచెం కిందికి దిగాక రోడ్డు పక్కనే రేకులు, టార్పాలిన్లతో కట్టుకున్న గుడిసెలు కనిపిస్తాయి. జహలీన్ తెగ బెదూయిన్ల (ఎడారిలో మందలు మేపుకునే అరబ్బుల) ఊరు ఖాన్ అల్ అహ్మర్. అక్కడి స్కూలు గోడలు పాత టైర్లలో మట్టి నింపి కట్టారు. పర్మిట్ లేదు కాబట్టి కూల్చొచ్చని 2018లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు చెప్పింది. ప్రపంచమంతా గోల చేయడంతో కూల్చకుండా ఆపారు. తర్వాత వచ్చే మంచి సమరయుని సత్రం దగ్గర బస్సు ఆగుతుంది. అక్కడ పాస్టర్ గారు తప్పకుండా వాక్యం చెబుతారు. ఆయన వాక్యానికి నేను ఏమీ కలపను. వెనకే వదిలి వచ్చిన గుడిసెల గురించి మాత్రం బస్సులో ముందే చెప్పేస్తాను.

యొర్దాను లోయలో ఖర్జూరం తోటలు చూసి మనవాళ్లు మురిసిపోతారు. వాటిలో చాలా తోటలు 1967 తర్వాత మొదటి పదేళ్లలో వచ్చిన వ్యవసాయ సెటిల్‌మెంట్లవి. తూర్పు నుంచి సైన్యాలు రాకుండా లోయని అడ్డంగా పెట్టుకోవాలని అప్పటి లేబర్ పార్టీ నాయకుడు అల్లోన్ వేసిన ప్లాన్ ప్రకారం పెట్టారు. సెటిల్‌మెంట్లు అంటే మతం పిచ్చి ఉన్నవాళ్ల పని అనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

బేత్లెహేములో

దక్షిణంగా హెబ్రోన్ రోడ్డు మీద వెళ్తుంటే కుడివైపు గిలో, ఎడమవైపు హర్ హోమా. రెండూ గ్రీన్ లైన్ అవతలివే, ఇజ్రాయెల్ లెక్కలో జెరూసలేం పేటలు. తర్వాత 8 మీటర్ల గోడ, 300 నంబరు చెక్‌పోస్టు. టూరిస్టు బస్సు తేలిగ్గా దాటిపోతుంది.

గొల్లల పొలం ఉన్న బేత్ సహూర్‌లో నిలబడి ఉత్తరం వైపు చూడండి. ఎదురు కొండ నిండా మెట్లు మెట్లుగా అపార్ట్‌మెంట్లు. అదే హర్ హోమా. 1997కి ముందు అది పైన్ చెట్ల కొండ. ఊరివాళ్లు జబల్ అబూ గ్నైమ్ అనేవాళ్లు. ఆ ఏడాది పని మొదలుపెట్టినప్పుడు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో తీర్మానాలు వచ్చాయి, అమెరికా రెండుసార్లు వీటో చేసింది. ఓస్లో చర్చలు చల్లబడటానికి ఉన్న కారణాల్లో ఈ కొండ ఒకటి. దేవదూతలు కనిపించిన చోటు నుంచి ఇప్పుడు కనిపించేది అదేనని ఒక పెద్దాయన అన్నారు, నేను జవాబివ్వలేదు.

ఇక్కడ ఒలీవ చెక్క బొమ్మలు కొనేటప్పుడు షాపులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "హమాస్ గురించి మీరేమంటారు" అని అడగొద్దు. అది వాళ్లకీ మనకీ ఇబ్బందే. "ఈస్టర్‌కి జెరూసలేంలోని పునరుత్థాన దేవాలయానికి వెళ్లగలిగారా?" అని అడగండి. గుంటూరు నుంచి మనం వెళ్లొచ్చాం, పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ క్రైస్తవుడికి పర్మిట్ కావాలి. ఇంట్లో కొందరికి వచ్చి కొందరికి రాని సంవత్సరాల కథలు వాళ్లే చెబుతారు. బేరం కూడా కొంచెం తగ్గించి ఆడండి, 2023 తర్వాత రెండేళ్లు ఆ ఊరికి యాత్రికులు దాదాపు లేరు.

యూదు గైడ్‌తో మాట్లాడేటప్పుడు కూడా అంతే, తీర్పు చెప్పకుండా అడగండి. "గాజా నుంచి సెటిల్‌మెంట్లు తీసేసినప్పుడు మీరు ఏమనుకున్నారు?" అంటే చాలు. 2005లో ఇజ్రాయెల్ గాజాలో 21 సెటిల్‌మెంట్లు, వెస్ట్ బ్యాంక్ ఉత్తరంలో 4 ఖాళీ చేసింది. రెండేళ్లకి గాజా హమాస్ చేతికి పోయింది, 2023 అక్టోబర్ 7న అక్కడి నుంచి వచ్చినవాళ్లు దాదాపు 1,200 మందిని చంపారు. "ఇంకోసారి ఖాళీ చేయమంటావా?" అని ఆయన ఎదురడిగితే వాదించకండి. ఇజ్రాయెల్‌లో ఎక్కువమంది మనసులో ఉన్న ప్రశ్న అదే. బేత్లెహేముకి దక్షిణాన ఉన్న క్ఫార్ ఎత్జియోన్ సంగతీ చెబుతాడు. 1948 యుద్ధంలో నాశనమైన యూదుల ఊరు అది. 1967 సెప్టెంబర్‌లో దాని పిల్లలే తిరిగొచ్చి వెస్ట్ బ్యాంక్‌లో మొదటి సెటిల్‌మెంట్ పెట్టారు. అదే నెలలో ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు థియోడర్ మెరోన్ ఇలా పౌరుల్ని దింపడం యుద్ధంలో పౌరుల రక్షణ కోసం ఉన్న నాలుగో జెనీవా ఒప్పందానికి విరుద్ధమని తన ప్రభుత్వానికే రాసిచ్చాడన్నది ఆయన చెప్పకపోవచ్చు. 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది కూడా ఇదే. అది ఆక్రమిత భూమి కాదు, వివాదంలో ఉన్న భూమి అన్నది ఇజ్రాయెల్ వాదన.

తిరిగొచ్చాక వార్త చదివేటప్పుడు

"వెస్ట్ బ్యాంక్‌లో కొత్తగా ఇన్ని ఇళ్లు" అని హెడ్డింగ్ కనిపిస్తే మొదట ఏ దశలో ఉందో చూడండి. ప్లాన్ పెట్టడం, అభ్యంతరాలు వినడం, ఆమోదం, టెండర్, పునాది. ఒకే ఇల్లు ఈ దశలన్నింటిలోనూ వార్తవుతుంది, కూడితే లెక్క తప్పుతుంది. అవుట్‌పోస్ట్ అని రాస్తే అది వేరే సరుకు. ప్రభుత్వ అనుమతి లేకుండా కొండ మీద నాలుగు కంటైనర్లు, ఒక గొర్రెల మందతో మొదలయ్యేది. ఇజ్రాయెల్ చట్టం ప్రకారం కూడా అక్రమమే, కానీ కరెంటు వస్తుంది, రోడ్డు వస్తుంది, కొన్నేళ్లకి కాగితం కూడా వస్తుంది. 2025 మేలో ఒకేసారి 22 సెటిల్‌మెంట్లని ఆమోదించినప్పుడు వాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఈ అవుట్‌పోస్టుల్లోని గొర్రెల మందలవాళ్ల దాడులకి చుట్టుపక్కల బెదూయిన్ కుటుంబాలు ఊళ్లు వదిలిపోతున్నాయి. నా లెక్కలో శాంతికి అపార్ట్‌మెంట్ల కన్నా ఈ కంటైనర్లే ఎక్కువ చేటు.

రెండోది చోటు. గ్రీన్ లైన్‌ని ఆనుకుని ఉన్న పెద్ద ఊరైతే భవిష్యత్ ఒప్పందంలో దాన్ని ఇజ్రాయెల్‌కి వదిలి బదులు భూమి తీసుకునే దారి ఉంటుంది. సెటిలర్లలో ఎక్కువమంది అలాంటి చోట్లే ఉన్నారు. 2008లో ప్రధాని ఓల్మెర్ట్ వెస్ట్ బ్యాంక్‌లో 6 శాతానికి కొంచెం పైగా ఉంచుకుని దాదాపు అంత భూమి ఇస్తానన్నాడు. పాలస్తీనా వైపు 2 శాతం దాకా సరే అంది. సంతకం కాలేదు, కానీ తేడా ఎంతలో ఉందో చూడండి. లోపల కొండ శిఖరాల మీద ఉన్నవి, ఇ1 లాగా దారి కోసేవి ఆ లెక్కకి అందవు. మొదటి ఓస్లో ఒప్పందం మీద సంతకం చేసిన 1993లో వెస్ట్ బ్యాంక్ సెటిలర్లు లక్ష పైచిలుకు. ఇప్పుడు దాదాపు ఐదు రెట్లు. రెండు రాజ్యాల ఒప్పందం ఇప్పటికీ గీయగలిగిందే అని నేననుకుంటాను, కానీ లోపలి ఊళ్లని ఖాళీ చేయించే ప్రభుత్వం జెరూసలేంలో కావాలి, ఆ ప్రభుత్వాన్ని గట్టిగా నమ్మించగల పాలస్తీనా నాయకత్వం రామల్లాలో కావాలి. ఈ రోజుకి రెండూ లేవు. 1982లో ఈజిప్టుతో శాంతి కోసం సీనాయిలో ఇజ్రాయెల్ కట్టుకున్న యమీత్ పట్టణాన్ని బుల్డోజర్లతో నేలమట్టం చేయించింది మితవాద ప్రధాని బెగిన్ అని మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకొక్కటి, యాత్రకి సంబంధం లేనిది. 2023 యుద్ధం తర్వాత పాలస్తీనా కూలీల పర్మిట్లు రద్దు చేసి ఇజ్రాయెల్ భవన నిర్మాణానికి మనదేశం నుంచి మనుషుల్ని తీసుకుంటోంది. 2024లో హైదరాబాద్‌లో కూడా ఎంపికలు జరిగాయి: షట్టరింగ్, ఐరన్ బెండింగ్, ప్లాస్టరింగ్, టైల్స్. జీతం లక్షకి పైనే అంటే ఎవరు వద్దంటారు? మీ ఇంట్లోంచి ఎవరైనా వెళ్తుంటే కంపెనీ పేరుతోపాటు సైట్ ఉన్న ఊరి పేరు కూడా కాగితం మీద రాయించుకోమనండి. ఆ పేరు గూగుల్ మ్యాప్స్‌లో కొట్టి, గీతకి ఎటువైపు ఉందో సంతకం పెట్టకముందే చూసుకోమనండి.